ఫార్మాట్ కొట్టే ముందు

5 అక్టోబర్ 2025, ఆదివారం. చేవెళ్ల

దసరా సెలవులు అయిపోయాయి. బడిలో కంప్యూటర్లు ఒకసారి చూసి పొమ్మని హెచ్చెమ్ మేడం ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఇవాళ సెలవైనా ఆమే వచ్చారు. అటెండర్ అన్న ల్యాబ్ తాళం తీశాడు. ఏదో కంపెనీ వాళ్లు తాము వాడినన్నాళ్లు వాడి బడికి ఇచ్చిన మెషీన్లు ఇవి. ఎక్కువ భాగం ఇంటెల్ మూడో తరం, నాలుగో తరం ఐ3లు. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10 ఉంది. ఆన్ చేశాక డెస్క్‌టాప్ కనిపించడానికే చాలాసేపు పడుతోంది.

ఈ నెల 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి. 11కి పోదామంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. వీటిలో ఒక్కటీ ఆ గీత దాటదు.

"ఏం సార్, ఇగ ఈ డబ్బాలు స్క్రాపుకేనా?" అన్నాడు అన్న.

మనసు ఒప్పలేదు. మదర్‌బోర్డులు బాగున్నాయి, మానిటర్లు బాగున్నాయి. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలకు చేవెళ్లలో కీబోర్డు మీద వేళ్లు పెట్టే చోటు ఇదొక్కటే. ఎక్కడో ఒక తారీఖు దాటిందని ఈ గది మూతపడటం అన్యాయం. డెబియన్ లినక్స్ 13 ఆగస్టు 9న విడుదలైంది. దాన్ని ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వేస్తే ఇవే మెషీన్లు ఇంకా కొన్నేళ్లు హాయిగా పనిచేస్తాయి. నేను పనిచేసే మొయినాబాద్ కాలేజీ ల్యాబ్‌లో రోజూ చూస్తున్నదే.

మేడం అంతా విని ఒకటే మాట అడిగారు. "మంచిదే సార్. మీరు రాని దినం ఒకటి ఖరాబైతే మేమేం జేయాలె?"

ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఒక్కో మెషీన్ ముందు కూర్చుని నేనే ఎక్కించి వెళ్తే బడి నా మీద ఆధారపడుతుంది. నాకు బదిలీ అయినా, జ్వరం వచ్చినా ల్యాబ్ కథ మళ్లీ మొదటికే. నేను లేకున్నా జరిగేలా చేయాలి.

9 అక్టోబర్, గురువారం. మొయినాబాద్

మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉంటే పని మొదలుపెట్టాను.

లినక్స్ ఎక్కించేటప్పుడు ఇన్‌స్టాలర్ ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంది. ఏ భాష? ఏ దేశం? ఏ కీబోర్డు? ఏ టైమ్ జోన్? డిస్కు ఎలా విడగొట్టాలి? యూజర్ పేరేంటి, పాస్‌వర్డ్ ఏంటి? ఒక ల్యాబ్‌లోని మెషీన్లన్నిటికీ ఈ జవాబులు దాదాపు ఒకటే. ముందే ఒక ఫైలులో రాసి పెడితే డెబియన్ ఇన్‌స్టాలర్ దాన్ని చదువుకుని మనల్ని అడగడం మానేస్తుంది. దీన్ని ప్రీసీడ్ అంటారు. రెడ్ హ్యాట్‌లో ఇదే పనికి కిక్‌స్టార్ట్ ఉంది, ఉబుంటులో ఆటోఇన్‌స్టాల్ ఉంది. మూడూ చూశాను. ప్రీసీడ్ ఫైలు చూడటానికి మొరటుగా ఉంటుంది కానీ వరుసకో జవాబు, అంతే. కొత్తవాళ్లకు దాన్ని చూపించి చెప్పడం తేలిక.

జవాబులతో సగం పనే అవుతుంది. మిగతా సగం ఎక్కించాక ఉంటుంది. తెలుగు ఫాంట్లు, తెలుగు టైపింగ్, పిల్లల ఖాతా, ప్రతి మెషీన్‌కూ ఒక పేరు, రోజువారీ అప్‌డేట్లు. వీటికి ప్రీసీడ్ చివర్లో లేట్ కమాండ్ అని ఒక తలుపు ఉంది. ఇన్‌స్టాలేషన్ ముగియబోతుండగా అక్కడ రాసిన ఆదేశం నడుస్తుంది. అక్కడి నుంచి నా షెల్ స్క్రిప్టును పిలుస్తాను.

షెల్ స్క్రిప్ట్ అంటే టెర్మినల్‌లో మనం ఒక్కొక్కటిగా కొట్టే ఆదేశాలనే వరుసగా రాసి పెట్టుకున్న మామూలు టెక్స్ట్ ఫైలు. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చింది. బ్రయన్ ఫాక్స్ రాసిన బాష్ 1989లో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాక్య నిర్మాణం అలాగే ఉంది. అప్పుడు రాసిన చిన్న స్క్రిప్టులు చాలావరకు ఇప్పటికీ నడుస్తాయి. బడికి రాసేదానికి అంతకన్నా కావలసింది ఏముంది?

పాస్‌వర్డును మాత్రం ప్రీసీడ్ ఫైలులో ఉన్నదున్నట్టు రాయను. దాని హ్యాష్ తయారు చేసి అదే పెట్టాను. ఫైలు ఎవరి చేతికి చిక్కినా అసలు పాస్‌వర్డు కనిపించదు.

14 అక్టోబర్, మంగళవారం. చేవెళ్ల

విండోస్ 10 గడువు ఇవాళే. కాలేజీ అయ్యాక బస్సెక్కి బడికి వచ్చాను. బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల కింద ఎప్పటిలాగే ట్రాఫిక్ ఆగి ఆగి కదిలింది.

ఇవాళ్టి పని పాత ఫైళ్లు దాచడం. ఫార్మాట్ కొట్టాక వెనక్కి రాదని టీచర్లందరికీ చెప్పాను. మార్కుల జాబితాలు, పదో తరగతి ఫొటోలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎవరో పిల్లవాడు పెయింట్‌లో గీసిన ఎద్దుల బండి. అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కించాం.

అసలు చిక్కు తెలుగు సార్ దగ్గర తేలింది. ఆయన ఏళ్లుగా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ప్రశ్నపత్రాలు తయారు చేస్తున్నారు. అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో ఉండవు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. పేజ్‌మేకర్ లినక్స్‌లో నడవదు. "నా పేపర్లన్నీ పోతయా?" అని సార్ నిజంగానే భయపడ్డారు.

పోవు. ఒక మెషీన్‌ను ఇంటర్నెట్ తగిలించకుండా పాత విండోస్‌తోనే ఆయనకు ఉంచాలని నిర్ణయించాం. కొత్త పేపర్లు మాత్రం ఇక నుంచి యూనికోడ్‌లో, లిబర్‌ఆఫీస్‌లో. లినక్స్ వేస్తే ఏ ఇబ్బందీ ఉండదని చెప్పేవాళ్లను నేను నమ్మను. ఈ ఇబ్బంది ఉంది. తెలంగాణలో డీటీపీ చేసే ప్రతి గదిలోనూ ఉంది. దాన్ని ముందే ఒప్పుకుని దారి చూపిస్తేనే టీచర్లు మన మాట వింటారు.

సార్ కోసమే స్క్రిప్టులో ఫాంట్ల భాగం పెంచాను. డెబియన్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు సిద్ధంగా ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారు చేసిన పోతన, వేమన ఫాంట్లు అందులోనే దొరుకుతాయి. లోహిత్ కూడా వేస్తాను. టైపింగ్‌కు ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ రెండూ. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్న పిల్లలకు ఆర్‌టీఎస్ నిమిషాల్లో పట్టుబడుతుంది.

18 అక్టోబర్, శనివారం. ఇల్లు

బీసీ బంద్. బస్సుల్లేవు, కాలేజీ లేదు. పొద్దున్నుంచీ స్క్రిప్టు ముందే కూర్చున్నాను.

ఈ పని మొత్తంలో నన్ను నిద్రపోనివ్వని చోటు ఒకటే. ఏ డిస్కును తుడిచేయాలి? పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే కొన్ని మెషీన్లలో లినక్స్ హార్డ్ డిస్కుకు ఎస్‌డీఏ అని, పెన్‌డ్రైవ్‌కు ఎస్‌డీబీ అని పేరు పెడుతుంది. ఇంకో మోడల్‌లో అదే తారుమారు. ఈ పేర్లు ఏది ముందు కనిపిస్తే దానికి వస్తాయి. ఎస్‌డీఏ అని ప్రీసీడ్‌లో కళ్లు మూసుకుని రాస్తే ఏదో ఒక రోజు ఎవరి ఫైళ్లకో నూకలు చెల్లుతాయి. మనిషి చేతితో చేసేటప్పుడు కనీసం స్క్రీన్ మీద సైజు చూసి ఆగుతాడు. స్క్రిప్టు ఆగదు. ఆగమని మనం చెబితేనే ఆగుతుంది.

అందుకని పేరును నమ్మడం మానేశాను. లినక్స్‌లో సిస్ డైరెక్టరీ కింద, బ్లాక్ అనే చోట ప్రతి డిస్కుకూ ఒక లింకు ఉంటుంది. ఆ లింకు ఎక్కడికి పోతుందో చూస్తే అది సాటా కేబుల్ మీద ఉన్నదో యూఎస్‌బీ మీద ఉన్నదో దారిలోనే రాసి ఉంటుంది. దారిలో యూఎస్‌బీ అని ఉంటే ఆ డిస్కు వదిలేయ్. మిగిలినవాటిని లెక్కపెట్టు. ఒకటే మిగిలితే దాన్ని వాడు. సున్నా అయినా, రెండైనా అక్కడే ఆగి, ఎర్ర అక్షరాలతో చెప్పి, మనిషి కోసం ఎదురుచూడు. ప్రీసీడ్‌లో డిస్కు విడగొట్టే ముందు నడిచే ఎర్లీ కమాండ్ ఒకటి ఉంది, ఈ పరీక్ష అక్కడ పెట్టాను.

అక్కడ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇన్‌స్టాలర్ లోపల పూర్తి లినక్స్ ఉండదు, బిజీబాక్స్ అనే ఉపకరణాల మూటలోని చిన్న షెల్ ఉంటుంది. బాష్‌లో పనిచేసే అరేలు, రెండేసి చదరపు బ్రాకెట్లు అక్కడ పనిచేస్తాయని నమ్మలేం. ఎక్కించాక కూడా డెబియన్‌లో మామూలు ఎస్‌హెచ్ అంటే 2011 నాటి డెబియన్ 6 నుంచి డ్యాష్ అనే షెల్. కాబట్టి మొత్తం పాతకాలపు బోర్న్ పద్ధతిలోనే రాశాను. షెల్‌చెక్ అనే ఉపకరణంతో ఒకసారి జల్లెడ పట్టాను. అది ప్రతి తప్పుకూ కారణం చెబుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అంతకన్నా మంచి గురువు దొరకడు.

స్క్రిప్టు మొదట్లోనే రెండు కట్టుబాట్లు పెట్టాను. ఏ ఆదేశమైనా విఫలమైతే అక్కడే ఆగాలి, అది సెట్ మైనస్ ఈ. విలువ ఇవ్వని వేరియబుల్ ఎక్కడైనా వాడితే ఆగాలి, అది సెట్ మైనస్ యూ. రెండోదాని విలువ తెలియాలంటే ఒక ఉదాహరణ చాలు. ఒక ఫోల్డరు పేరును వేరియబుల్‌లో పెట్టి, దాని కింద ఉన్నదంతా తొలగించమని రాశాం అనుకో. ఏదో కారణంగా ఆ వేరియబుల్‌కు విలువ ఇవ్వకుండానే ఉండిపోతే ఆదేశం ఆ ఫోల్డరు వదిలి రూట్ కింద ఉన్నదంతా తొలగించమని మారిపోతుంది. ఒక్క వరుస కట్టుబాటు ఆ ప్రమాదం తప్పిస్తుంది. వేరియబుల్ చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టడమూ అలాంటిదే. మన పిల్లలు ఫోల్డర్ల పేర్లలో ఖాళీలు పెడతారు, కొటేషన్లు లేకపోతే షెల్ ఒక పేరును రెండుగా చీలుస్తుంది.

ఇంకొకటి, స్క్రిప్టు రెండోసారి నడిచినా ఏదీ చెడిపోకూడదు. ఫోల్డరు ఉంటే మళ్లీ తయారు చేయకూడదు. సెట్టింగు వరుస ఫైలులో ఇప్పటికే ఉంటే మరోసారి చేర్చకూడదు. మధ్యలో కరెంటు పోతే టీచరు భయం లేకుండా మళ్లీ మొదటి నుంచి నడపగలగాలి. చేవెళ్లలో ఇది తప్పనిసరి.

22 అక్టోబర్, బుధవారం. చేవెళ్ల

దీపావళి సెలవు అయ్యాక మొదటిసారి బడికి వెళ్లాను. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక పది మంది ఉన్నారు. స్క్రిప్టు ప్రింటు తీసి వాళ్లకు ఇచ్చాను.

ప్రతి భాగానికీ పైన వివరణ తెలుగులో రాశాను. హ్యాష్ గుర్తు తర్వాత రాసినదాన్ని షెల్ పట్టించుకోదు, యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాలున్నా దానికేమీ ఇబ్బంది లేదు. కాలేజీలో ఇలా రాస్తే మిత్రులు వింతగా చూశారు. కోడ్‌లో తెలుగేంటి అన్నారు. ఈ స్క్రిప్టు చదవాల్సింది చేవెళ్ల బడి. అక్కడి టీచరుకూ పిల్లలకూ అర్థం కాకపోతే ఎన్ని మెషీన్లు ఎక్కించినా మేడం అడిగిన ప్రశ్న అలాగే ఉంటుంది.

పిల్లలు చదివారు. ఒక అమ్మాయి పెన్ను పెట్టి ఒక్కో వరుస దాటుతూ పోయింది. మెషీన్‌కు పేరు పెట్టే భాగం దగ్గర ఆగింది. నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసు చూసి, ఒక పట్టికలో వెతికి, దానికి ఎదురుగా ఉన్న బల్ల నంబరును మెషీన్ పేరుగా పెట్టే భాగం అది.

"సార్, మదర్‌బోర్డు మారిస్తే మ్యాక్ మారుతది గదా? అప్పుడు పట్టికల దొరకదు. ఏం జేస్తది?"

తర్వాతి వరుస చూడమన్నాను. పట్టికలో దొరకకపోతే 'కొత్త' అని పేరు పెట్టి లాగ్‌లో రాస్తుందని చూసి తలూపింది. వెంటనే రెండో ప్రశ్న వేసింది. "రెండు మెషీన్లు గట్లయితే రెండింటికీ 'కొత్త' అనే పేరే వస్తది గదా?" అది సరైన ప్రశ్న. మ్యాక్ అడ్రసులో చివరి నాలుగు అంకెలు పేరుకు తగిలించే వరుస ఇద్దరం కలిసి రాశాం. ఆ వరుస మీద వివరణ తన చేతిరాతలోనే ఉంది, రేపు ఫైలులోకి ఎక్కిస్తాను.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచినవాళ్లున్నారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని చేస్తోంది. తెలుగులో కనిపించే లినక్స్ తెచ్చింది, పిల్లల కోసం బాలస్వేచ్ఛ తెచ్చింది. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ రాష్ట్రమంతటా బడుల్ని లినక్స్ మీదికి తెచ్చింది. నార్వేలో అదే ఏడు మొదలైన స్కోలెలినక్స్ తర్వాత డెబియన్‌లో భాగమైంది. వీటన్నిటిలోనూ నాకు నచ్చేది ఒకటే, ఒక్కచోట రాసినదాన్ని వేలచోట్ల వాడుకునేలా పెట్టడం. కేరళలో ఆ పని ప్రభుత్వమే తలకెత్తుకుంది. ఇక్కడా ప్రభుత్వం పట్టించుకోవాలని గట్టిగా కోరుకుంటాను. అంతవరకూ బడి బడికీ ఎవరో ఒకరు చేయాల్సిందే.

29 అక్టోబర్, బుధవారం. మొయినాబాద్

మొంథా తుపాను నిన్న రాత్రి ఆంధ్ర తీరం దాటింది. ఇక్కడ పొద్దుటి నుంచి ముసురు, మధ్యాహ్నానికి గట్టి వాన. కాలేజీకి వచ్చినవాళ్లు తక్కువ. చిలుకూరు బాలాజీ గుడి వైపు వెళ్లే ఆటోలు కూడా కనిపించలేదు, వీసా మొక్కుల వాళ్లు వానకు ఆగిపోయినట్టున్నారు.

పెన్‌డ్రైవ్ కూడా అక్కర్లేని ఏర్పాటు ఇవాళ పూర్తిచేశాను. ఒక పాత ల్యాప్‌టాప్‌ను స్విచ్‌కు తగిలిస్తాం. అందులో డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. మెషీన్ ఆన్ చేసి నెట్‌వర్క్ బూట్ అంటే, ఆ ల్యాప్‌టాప్ దానికి ఐపీ అడ్రసు ఇస్తుంది, ఇన్‌స్టాలర్ ఇస్తుంది, ప్రీసీడ్ ఫైలు ఎక్కడుందో చెబుతుంది. తర్వాత మనం చేయాల్సింది ఏమీ లేదు.

బడిలో ఇంటర్నెట్ అంటే ఎవరో ఒక టీచరు ఫోన్ హాట్‌స్పాటే. ప్రతి మెషీనూ అవే ప్యాకేజీలు విడివిడిగా దించుకుంటే ఆ రోజు డేటా సగం మెషీన్లకే అయిపోతుంది. దానికి ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ ఉంది. మొదటి మెషీన్ కోసం దించిన ప్యాకేజీని ల్యాప్‌టాప్‌లో దాచుకుంటుంది, మిగతావాటికి అక్కడి నుంచే ఇస్తుంది. డెబియన్ ప్రతి ప్యాకేజీనీ సంతకం ఉన్న జాబితాతో సరిచూసుకుంటుంది కాబట్టి మధ్యలో ఎవరో మార్చారేమోననే భయం లేదు.

నాలుగు కాలేజీ మెషీన్ల మీద ఒకేసారి పెట్టి చూస్తుండగా కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోగా నాలుగూ ఆగిపోయాయి. నాకు కావలసిన పరీక్ష దానంతటదే జరిగింది. కరెంటు వచ్చాక మళ్లీ నెట్‌వర్క్ బూట్ చేస్తే సగం ఎక్కిన డిస్కులను మొదటి నుంచి సరిచేసుకుని నాలుగూ పూర్తయ్యాయి. ప్యాకేజీలు అప్పటికే ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి కాబట్టి రెండోసారి త్వరగా అయ్యాయి.

డెబియన్ 13లో ఒక కొత్త మార్పు ఉంది. తాత్కాలిక ఫైళ్ల చోటైన టీఎంపీ ఇప్పుడు డిస్కు మీద కాకుండా ర్యామ్‌లో ఉంటుంది, సగం ర్యామ్ దాకా వాడుకోవచ్చు. 4 జీబీ ఉన్న మెషీన్‌కు అది భారం. దాన్ని పాత పద్ధతికి మార్చే వరుస ఒకటి స్క్రిప్టులో చేర్చి, ఎందుకు చేర్చానో పైన తెలుగులో రాశాను.

1 నవంబర్, శనివారం. చేవెళ్ల

ఇవాళ బడిలో నేను ఏ కీబోర్డూ ముట్టుకోలేదు. హెచ్చెమ్ మేడం ల్యాప్‌టాప్ ఆన్ చేశారు. తొమ్మిదో తరగతి పిల్లలు స్విచ్‌కు కేబుళ్లు తగిలించారు. వరుసగా ఒక్కో మెషీన్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ బూట్ ఎంచుకున్నారు. తెలుగు సార్ మెషీన్ కేబులు అటెండర్ అన్న ముందే పీకి పక్కన పెట్టాడు, "దీని జోలికి ఎవ్వరు పోవద్దు" అని పిల్లలకు చెప్పాడు కూడా.

ఒక మెషీన్ ఎర్ర అక్షరాలతో ఆగింది. లోపల రెండు హార్డ్ డిస్కులున్నాయి. ఆ సంగతి ఎవరికీ తెలియదు. రెండోదాన్ని తెరిచి చూస్తే పాత టీసీల రికార్డు స్కాన్లు ఉన్నాయి. ఆ డిస్కు తీసి బీరువాలో పెట్టాక మెషీన్ మామూలుగా ఎక్కింది. డిస్కు పరీక్ష కోసం బంద్ రోజంతా కూర్చున్నందుకు ఫలితం దక్కింది.

సాయంత్రానికి ల్యాబ్ సిద్ధమైంది. టక్స్ పెయింట్, జీకాంప్రిస్, స్క్రాచ్, పైథాన్, లిబర్‌ఆఫీస్ అన్నీ ఉన్నాయి. పోతన ఫాంటులో మేడం తమ బడి పేరు టైప్ చేశారు. మూల రెండు బల్లల మీదివి మాత్రం 32 బిట్ ప్రాసెసర్లు. డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. అవి ఎక్కవు, వాటి మీద ఇంక సమయం పెట్టడం దండగ. విప్పి లోపలి భాగాలు పిల్లలకు చూపించడానికి ఉంచమన్నాను.

రాత్రి కాలేజీ గ్రూపులో పెట్టడానికి ఈ నాలుగు మాటలు రాసుకున్నాను.

మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల కాలేజీల మిత్రులకు: మీ స్టోర్ రూముల్లో విండోస్ 11 ఎక్కని 64 బిట్ మెషీన్లు ఉంటే స్క్రాపుకు వేయకండి. ర్యామ్, హార్డ్ డిస్కు పీకకుండా దగ్గర్లోని ప్రభుత్వ బడికి ఇవ్వండి. ప్రీసీడ్ ఫైలు, స్క్రిప్టు అడిగినవాళ్లకు పంపిస్తాను. నడిపే ముందు డిస్కు ఎంచుకునే భాగం ఒక్కసారి పూర్తిగా చదవండి, పాత ఫైళ్లు దాచుకున్నారో లేదో టీచర్లను అడగండి.